ద్రాక్షాపాకమును ద్రాక్షపందిరియు

ఆంధ్రదేశమున కావ్యపాఠము చెప్పు ప్రతి పాఠశాలయందును ద్రాక్షాపాకమను మాట వినబడును. నోట వేసికొన్నంతనే రసము స్ఫురించు కవిత ద్రాక్షాపాకమనియు, తొక్క యొలిచి తినవలసినట్టిది కదళీపాకమనియు, పెంకు పగులగొట్టినగాని రసమందనిది నారికేళపాకమనియు విద్యార్థులు కంఠస్థము చేయుదురు. ఈ మూడు ఫలములలో అరటియు కొబ్బరియు తెలుగువాని పెరటిలోనివి. ద్రాక్ష యట్టిది కాదు. అయినను మూటిలో మొదటి పేరు దానిదే. ఈ ఫలము తెలుగునేలపై ఎప్పటినుండి పండుచున్నది, దానిని పండించుట కెట్టి పని కావలసివచ్చినది అను ప్రశ్నలు అలంకారగ్రంథములు చదువువారు తఱచుగా వేసికొనరు. వేసికొన్నచో, ద్రాక్షాపాకమన అనాయాసమునకు గుఱుతు అను వాడుకను కొంత సవరింపవలసివచ్చును.

ఈ విచారమునకు కృష్ణామండలపు మెట్టసీమ తగిన నెలవు. నందిగామకు దక్షిణముగా, కృష్ణానదికి చేరువనున్న చందర్లపాడు ఆ సీమలోనిది. 2022వ సంవత్సరమువరకు కృష్ణాజిల్లాలోనుండి అటుపిమ్మట ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. దాని పరిసరములలో జగ్గయ్యపేట బౌద్ధస్తూపమున్నది. నది కావలి యొడ్డున ధాన్యకటకమున్నది. చాగివారి గుడిమెట్ల యున్నది. గోలకొండనుండి మచిలీపట్టణమునకు పోవు పాతబాటలోని పెనుగంచిప్రోలున్నది. ఇట్టి సీమనుండి చూచినచో ద్రాక్ష తెలుగుదేశమునకు ఒక్కసారిగా రాలేదని తేటపడును. పానముగా ఒకప్పుడు, పదముగా ఒకప్పుడు, పాదుగా మఱియొకప్పుడు అది వచ్చినది. ఈ మూటిని వేఱుచేసి చూడకపోవుటచేతనే కొన్ని పొరపాటులు పుట్టి, పుస్తకములలో నిలిచిపోయినవి.

మొదట పానమునుగూర్చి విచారింపవలెను. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకునావికుడు వ్రాసిన ఎరిత్రియసముద్ర యాత్రాగ్రంథమున, బరుగచ్ఛరేవునకు దిగుమతియగు సరకులలో ఇటలీదేశపు ద్రాక్షమధువు చెప్పబడినది. కృష్ణాతీరమున ఇక్ష్వాకులకు రాజధానియైన విజయపురి, అనగా నాగార్జునకొండ, పాశ్చాత్యవాణిజ్యము నెఱిగిన నగరము. అచట రోమకనాణెములు దొరకినవి. అచటి శిల్పములలో కొమ్మువంటి పానపాత్రను చేతబట్టిన అర్ధనగ్నపురుషుని రూపమొకటి కలదు. అది గ్రీకుల మధుదేవతయగు డయోనిససు మూర్తియని పండితులు గుర్తించిరి. ఆ యిక్ష్వాకువంశపు రాజగు వీరపురుషదత్తుని యిరువదియవ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి అయిదు ఆయకస్తంభములను సమర్పించినట్లు జగ్గయ్యపేట శాసనము తెలుపుచున్నది. కాన రెండు స్థలములును ఒకే యేలుబడిలోనివి. అయితే పానపాత్ర నెత్తిన మూర్తి మధుపానమునకు సాక్షి యగునుగాని ద్రాక్షసేద్యమునకు సాక్షి కాదు. ఓడనెక్కి వచ్చిన మధువునకు తీగె నాటిన పెరడు అక్కఱలేదు.

సంస్కృతవాఙ్మయమున ద్రాక్షతీగె యేదేశపుదో స్పష్టముగ నున్నది. పాణిని కాపిశీనగరమును పేర్కొని, అచటి వస్తువును కాపిశాయనమనుటకు సూత్రము చేసెను. ఆ నగరము నేటి కాబూలునకు ఉత్తరమున నుండినది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని పనులు చెప్పుచు, మృద్వీకారసమునకు మధువని పేరనియు, పుట్టిన దేశములనుబట్టి అది కాపిశాయనము, హారహూరకము అని పిలువబడుననియు వ్రాసెను. కాళిదాసు రఘువంశపు నాలవసర్గమున రఘుమహారాజు సైనికులను ద్రాక్షతీగెలు చుట్టియున్న నేలలపై కూర్చుండబెట్టి మధువు త్రావించెను; ఆ నేలలు పారసీకులవి. కల్హణుడు 1148-49 సంవత్సరములలో రాజతరంగిణి రచించుచు, కాశ్మీరమునకు సహజములైన వస్తువులలో ద్రాక్షను చెప్పి గర్వపడెను. సాక్ష్యమంతయు వాయవ్యదిశకే వ్రేలు చూపుచున్నది.

దక్షిణాపథమునకు సంబంధించి బిల్హణుని మాట విలువైనది. అతడు కాశ్మీరమున ఖోనముఖగ్రామమున పుట్టి, కల్యాణకటకమున ఆఱవ విక్రమాదిత్యుని (1076-1126) ఆస్థానకవి యయ్యెను. విక్రమాంకదేవచరితపు కడపటిసర్గమున తన జన్మభూమిని వర్ణించుచు ఆ గ్రామమున ఒకవైపు కుంకుమపువ్వును, ఒకవైపు ద్రాక్షయు పండుచున్నవని చెప్పుకొనెను. దక్కనులో కూర్చుండి వ్రాయుచున్న కవికి ద్రాక్ష తన పుట్టినయూరి గుఱుతు. కుంకుమపువ్వుతో జంటగా చెప్పదగిన వస్తువు ఆ కాలపు దక్షిణదేశశ్రోతలకు పెరటిపంట యని తలంచుట కష్టము.

తీగె లేకపోయినను ఫలము దక్షిణమునకు రాకపోలేదు. ఎండిన ద్రాక్షకు దూరము లెక్కలేదు. ఒంటెపై వచ్చినను ఎద్దుపై వచ్చినను చెడదు. చరకుడు సూత్రస్థానమున ఫలములన్నిటిలో హితమైనది మృద్వీకయని చెప్పెను. అమరసింహుడు ద్రాక్ష, గోస్తని, మృద్వీక మొదలగు పర్యాయపదములను వనౌషధివర్గమునందు ఉంచెను. అనగా ఔషధముగా ద్రాక్ష వైద్యుని సంచిలోనికి ముందుగా వచ్చినది. తెలుగు వైద్యులు ద్రాక్షతో ఆసవములును లేహ్యములును చేయుటకు తీగెను చూచియుండవలసిన పని లేదు. నేటికిని తెలుగిండ్లలో పాయసమున వేయునది ఎండుద్రాక్షయే. దానికి బజారులో వినబడు కిస్‌మిస్ అను పేరు పారసీకము.

ఈ విషయమున భాష మంచి సాక్షి. మామిడి, అరటి, పనస, నేరేడు, రేగు, ఈత, వెలగ అను పేరులు తెనుగువారి సొంతములు. ద్రాక్షకు అట్టి పేరు లేదు. సంస్కృతపదమే తత్సమముగా పల్లెటూరివరకు వ్యాపించినది. తెలంగాణమున వాడుకలోనున్న అంగూరు పారసీకము. ద్రాక్షకుటుంబమునకే చెందిన నల్లేరు కంచెలపై తనంతట పెరుగు తీగె; దానికి తెలుగుపేరున్నది, బండినడకతో ముడివడిన సామెతయు నున్నది. అందని ద్రాక్షపండ్లు పుల్లన యను సామెతయో, నక్కకథతోపాటు ఈసపుకథలనుండి వచ్చినది. అయితే తీగెను పెంచుటకు సంబంధించిన మాటలు మాత్రము, పాదు, పందిరి, చిగురు, కనుపు, కన్ను, గుత్తి, అన్నియు తెనుగే. పేరు పరదేశమునుండి వచ్చినను, పెంపకమును తెలుగువారు బీరపాదులనుండియు తమలపాకుతోటలనుండియు తెచ్చిన మాటలతోనే చెప్పుకొనిరి.

ఇచట ద్రాక్షారామమునుగూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. గోదావరీమండలపు ఈ క్షేత్రనామమును ద్రాక్షతోటయని విడదీసి, ప్రాచీనాంధ్రమున ద్రాక్ష విరివిగా పండినదనుటకు దీనినొక నిదర్శనముగా చూపుట కలదు. ఇది నిలువదు. క్షేత్రకథలో ఆ స్థలము దక్షప్రజాపతి యజ్ఞభూమి. శ్రీనాథుని భీమేశ్వరపురాణమున అది దక్షవాటి, దక్షారామము. శాసనములయందును దాక్షారామమను రూపము కనబడుచున్నది. దకారమునకు రేఫ చేరి ద్రాక్షారామమగుట తరువాతి వాడుక. ఊరిపేరులోని రేఫనుబట్టి తోటను కల్పించుట చరిత్ర కాదు. అయితే పలుకువారి నాలుకకు దక్షునికంటె ద్రాక్ష దగ్గఱైనదని మాత్రము ఈ మార్పువలన తెలియును.

ఇక పాకములమాట. ఫలములపేరులతో కావ్యపాకములను చెప్పినవారిలో రాజశేఖరుడు ముఖ్యుడు. క్రీ. శ. 900 ప్రాంతమున కాన్యకుబ్జపు ప్రతీహారుల ఆస్థానమున నుండిన ఈ కవి కావ్యమీమాంసయందు తొమ్మిది పాకములను లెక్కించెను. వేము, రేగు, మృద్వీక, వంకాయ, చింత, మామిడి, పోక, దోస, కొబ్బరి అనునవి అతని యుపమానములు. మొదట రుచి యెట్టిది, పరిణామమున రుచి యెట్టిది అనునదే విభాగమునకు ఆధారము. మొదటను చివరను రుచిలేనిది వేపపాకము. మొదటను చివరను రుచియైనది నారికేళపాకము. మొదట రుచిలేక పరిణామమున మధురమగునది మృద్వీకాపాకము. నిరంతరాభ్యాసముచేత కవివాక్యము పాకమునకు వచ్చునని చెప్పిన పిమ్మట అతడు ఈ విభాగము చేసెను. కావున ఇది చదువరి సుఖమునుగూర్చిన లెక్క కాదు, కవి సాధననుగూర్చిన లెక్క. తొమ్మిదింటిలో మూడు విడువవలసినవి, మూడు సంస్కరింపవలసినవి, మూడు గ్రహింపవలసినవి. మృద్వీక గ్రహింపవలసినవానిలో చేరినది.

రమారమి నన్నూఱేండ్ల తరువాత ఓరుగంటిలో ప్రతాపరుద్రుని (1289-1323) ఆస్థానమున విద్యానాథుడు ప్రతాపరుద్రీయము రచించెను. ఆ కాలమునకు ముందే చందర్లపాటి చెంతనున్న గుడిమెట్లను ఏలిన చాగివారు కాకతీయులకు సామంతులై యుండిరి. ఓరుగంటి విద్య ఈ మెట్టసీమకు దూరపుది కాదు. విద్యానాథుని గ్రంథమున పాకములు ప్రధానముగా రెండు. లోపలను వెలుపలను రసము స్ఫురించునది ద్రాక్షాపాకము. రసము లోపల గూఢముగా నుండునది నారికేళపాకము. తెలుగుపాఠశాలలకు దిగివచ్చినది ఈ నిర్వచనమే. కదళీపాకమును నడుమ చేర్చి మూడు మెట్లుగా చేసికొనుట తరువాతివారి సౌకర్యము.

ఈ రెండు నిర్వచనములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో భేదము కొట్టవచ్చినట్లున్నది. రాజశేఖరుని ద్రాక్ష కాలములో నున్నది. మొదట పులిసి, పిదప మాగి, చివర తీయనగును. విద్యానాథుని ద్రాక్ష పళ్లెములో నున్నది. అప్పటికే పండినది, తినుటయే తరువాయి. మొదటిది పండించువాని చూపు. రెండవది తినువాని చూపు. నారికేళమునకును ఇదే గతి పట్టినది. రాజశేఖరునకు అది ఆద్యంతమధురము; విద్యానాథునకు పెంకు చాటున దాగిన రసము. ఒకరు తప్పు, ఒకరు ఒప్పు అని చెప్ప బనిలేదు. ఒకరు కావ్యరచనను, ఒకరు కావ్యాస్వాదమును విచారించిరి. అయితే ఆస్వాదలక్షణమును తెచ్చి రచనకు అంటగట్టి, సులభముగా చదువబడునది సులభముగా వ్రాయబడినది యనుట మాత్రము తప్పే. ఆ తప్పు ఎంతటిదో తెలియవలెనన్న తీగెను నాటి చూడవలసినదే.

దక్కనులో తీగె యున్నదనుటకు పదునాలుగవ శతాబ్దమున గట్టి సాక్ష్యము దొరకుచున్నది. మహమ్మద్ బిన్ తుగ్లక్ 1327 ప్రాంతమున దేవగిరిని దౌలతాబాదను పేర రాజధానిగా చేసెను. పిమ్మట ఆ నగరమును చూచిన ఇబన్ బతూతా, అచట ద్రాక్షయు దానిమ్మయు ఏటికి రెండుసారులు కాచుచున్నవని వ్రాసెను. చలిదేశములలో ద్రాక్ష ఏటి కొక్కపంటయే. రెండు పంటలన్నమాట ఉష్ణదేశమున ఆ తీగె స్వభావమెట్లు మాఱునో తెలుపు తొలిమాటలలో నొకటి. ఉత్తరదేశమున 1529లో బాబరు ఆగ్రాలోని తన తోటలో కాచిన ద్రాక్షను చూచి, హిందూస్థానమున ఇవి పండినవిగదా యని సంతసించెను. ఆ సంతోషమే అచట ఆ పంట యెంత క్రొత్తదో చెప్పుచున్నది.

తెలుగునేలనుగూర్చి స్పష్టమైన మాట వ్రాసినవాడు జాన్ ద తెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు. అతడు 1666-67 సంవత్సరములలో హిందూదేశమున సంచరించి, అబ్దుల్లా కుతుబ్‌షా (1626-1672) ఏలుబడిలోని గోలకొండరాజ్యమును చూచెను. ఆ రాజ్యమున ద్రాక్షతీగెలు సమృద్ధిగా నున్నవనియు, పండ్లు జనవరిలో పక్వమగుననియు, తీగె యెండకు ఎదురైన తీరునుబట్టి కొన్ని ఫిబ్రవరి, మార్చి, ఏప్రిలు నెలలవరకు కోతకు వచ్చుననియు, వానితో తెల్లమధువు చేయుదురనియు అతడు వ్రాసెను. అంతటితో విడువక, పండ్లు కోసినపిమ్మట తీగెను కత్తిరింతురనియు, నడివేసవిప్రాంతమున అది మఱల పుల్లనిరసమునిచ్చు కాయ కాచుననియు చెప్పెను. కుతుబ్‌షాహీవంశమునకు మూలపురుషుడగు సుల్తాన్ కులీ పారసీకదేశపు హమదాను ప్రాంతమునుండి వచ్చినవాడు. ఆ వంశపు ఏలుబడి 1518లో మొదలైనది. పారసీకసంబంధము గాఢముగానున్న రాజ్యమున పారసీకుల తీగె కనబడుట వింత కాదు.

గోలకొండనుండి మచిలీపట్టణమునకు పోవు రాజమార్గము పెనుగంచిప్రోలు, బెజవాడల మీదుగా సాగెడిది. అద్దకపు గుడ్డలు, వజ్రములు, యాత్రికులు, ఉద్యోగులు ఈ బాటననే నడచిరి. నందిగామ చెంతనున్న పరిటాలయు, నది కావలనున్న కొల్లూరును వజ్రపు గనులకు పేరెక్కినవి. చందర్లపాడు ఈ మార్గమునకు దవ్వు కాదు. రాచతోటలోని తీగె సామాన్యుని పెరటికి వచ్చుటకు ఇట్టి బాటలే త్రోవ. ద్రాక్షకు విత్తనము మోయ నక్కఱలేదు. నాలుగు కన్నులున్న జానెడు ముదురుకొమ్మ తడిగుడ్డలో చుట్టి తెచ్చిన చాలును.

తెవెనో మాటలోని కత్తిరింపు చరిత్రకారుడు దాటిపోరాని విషయము. చలిదేశములలో శీతకాలము ద్రాక్షకు విశ్రాంతి నిచ్చును. ఆకు రాలి, తీగె నిద్రించి, వసంతమున కన్ను విప్పును. తెలుగుదేశమున అట్టి శీతము లేదు. కావున ఆ తీగె ఏడాది పొడుగున పెరుగుచునే యుండును, ఆకు పైని ఆకు వేయును, పందిరి నిండును. చిక్కుడుపాదునకు, బీరపాదునకు ఇది శుభమే. ద్రాక్షకు ఇది చేటు. ముట్టక విడిచిన తీగె కొన్నాళ్లకు పందిరినిండ నీడయిచ్చి, గుత్తుల నిచ్చుట మానును. ప్రకృతి యియ్యని విశ్రాంతిని ఇచట మనుష్యుని కత్తి యియ్యవలెను. అదియు ఒకసారి కాదు, ఏటికి రెండుసారులు.

మొదటిది కోత ముగిసిన పిమ్మట ఏప్రిలులో చేయు కత్తిరింపు. కిందటి యేటి కొమ్మలను ఒకటి రెండు కన్నులుంచి కొట్టివేయుదురు. పచ్చని పందిరి ఒక్కనాటిలో మోడగును. క్రొత్తగా చూచువానికి ఇది తీగెను చంపుటవలె తోచును. కాని ఆ మోడులనుండి వెడలిన చిగురులపైనే మఱుసటి పంట నిర్ణయమగును. కత్తిరించిన నలుబది అఱువది దినముల నడుమ, నడివేసవియెండ కన్నులపై పడుచున్నపుడు, ఆ కన్నులలోపల కంటికి కనబడని గుత్తి మొలక యేర్పడును. ఎండ తగలని కన్ను ఆకునకే పనికివచ్చును. కావుననే యీ కాలమున ఒత్తుగా వచ్చిన చిగురులను తీసివేసి, మిగిలినవానిని పందిరిపై పలుచగా పఱచి కట్టవలెను.

రెండవది వానలు వెనుకబట్టిన పిమ్మట అక్టోబరులో చేయు కత్తిరింపు. వేసవిలో పెరిగి ముదిరిన కొమ్మలను రకమునుబట్టి అయిదాఱు కన్నులు మొదలు పండ్రెండు కన్నులవరకు ఉంచి కత్తిరింతురు. వేసవిలో లోపల దాగిన గుత్తి ఇప్పుడు బయటపడును. పూచి, కాచి, చలికాలమున నిండి, నాలుగైదు నెలలలో, అనగా ఫిబ్రవరి మొదలు ఏప్రిలువరకు పక్వమగును. తెవెనో చెప్పిన కోతనెలలకు ఈ లెక్క దగ్గఱగా సరిపోవుచున్నది. ఒక్క భేదమున్నది. గోలకొండవారు కోతపిమ్మటి కత్తిరింపునుండి పుల్లకాయనైనను పొందిరి. తరువాతి సేద్యము ఆ పుల్లపంటను వదలుకొనెను. వేసవికత్తిరింపు ఇప్పుడు పంటకొఱకు కాదు, పంటను కన్నులలో దాచుటకొఱకు. ఇబన్ బతూతా చూచిన రెండు పంటలు ఇట్లు రెండు కత్తిరింపులకు ఒక్కపంటయైనవి. ఆ యొక్కటియే తీయనిది.

చందర్లపాటివంటి మెట్టయూర పెరటిలో తీగె పెంచదలచువాడు ముందుగా నేలను చూడవలెను. ఆ సీమలో నల్లరేగడి హెచ్చు. రేగడి నీటిని పట్టి విడువదు. ద్రాక్షవేరు నిలువనీటిని సహింపదు. కావున రెండుమూడడుగుల లోతు గోయి త్రవ్వి, ఇసుకయు చివికిన పశువుల యెరువును కలిపి నింపి, మొదలు మెఱకగా నుండునట్లు చేసి, వాననీరు పోవుటకు కాలువ తీయవలెను. అంటిన కొమ్మనుండి వెడలిన చిగురులలో బలమైన దానినొక్కదానిని మాత్రముంచి, వెదురుకఱ్ఱకు కట్టి నిలువుగా పోనీయవలెను. ప్రక్కచిగురులను గిల్లివేయుచుండవలెను. ఏడడుగుల యెత్తునగల పందిరిని చేరినంతనే తలను త్రుంచినచో ఇరుప్రక్కల రెండు చేతులు సాగును. వానినుండి పిల్లకొమ్మలు పుట్టును. ఈ చట్రము శాశ్వతము; ఏటేట కత్తిరింపబడునవి పిల్లకొమ్మలే. చట్రము కుదురుటకే ఏడాది దాటును.

వానకాలము ఈ తీగెకు శత్రువు. ఆకు తడిసియున్నచో క్రిందివైపున తెల్లనిబూజు పట్టును. గుత్తికి సోకినచో కాయ రాలును. ఈ బూజుతెగులు అమెరికాఖండమునుండి పంతొమ్మిదవ శతాబ్దమున ఐరోపాకు చేరి ఫ్రాన్సుదేశపు తోటలను పాడుచేసినది. 1885లో బోర్డో నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు మిల్లార్డే, మైలుతుత్తమును సున్నమును నీట కలిపి చల్లినచో ఇది అణగునని ప్రకటించెను. నూఱు లీటరుల నీటికి కిలో మైలుతుత్తము, కిలో సున్నము అను పాలు నేటికిని తెలుగురైతులు ఎఱిగినదే. చలికాలపు మంచులో బూడిదతెగులు వచ్చును; దానికి గంధకము మందు. పండు మాగు దినములలో నీరు తగ్గింపవలెను. లేనిచో తీపి పలుచబడును.

హైదరాబాదు పరిసరములలో ద్రాక్ష వాణిజ్యపు పంటయగుటకు మూలము ఒక యింటితోటయే. 1890లో అబ్దుల్ బాఖర్ ఖాన్ పశ్చిమాసియానుండి తెచ్చిన తీగె అనాబె షాహి, అనగా రాచద్రాక్ష, యని పేరుపొందినది. కాయ పొడవు, రంగు లేతపసుపు, గింజ కలదు, దిగుబడి మిక్కుటము, బూజుతెగులునకు లొంగుట దాని లోపము. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున హైదరాబాదు చుట్టుపట్ల ఈ పందిళ్లు విరివిగా వెలసినవి. పిదప గింజలేని థాంసను రకము మహారాష్ట్రమున వ్యాపించి, ఆ రాష్ట్రము దేశమున ద్రాక్షపంటకు మొదటిదయ్యెను. హైదరాబాదు పెరిగినకొలది ఆ తోటలు పెక్కు ఇండ్లస్థలములైనవి. తీగె పోయినపుడు తీగెతోపాటు చేతిపనియు పోవును. ఏ కన్నుకడ కొట్టవలెను, ఏ చిగురు నుంచవలెను అను తెలివి పుస్తకమునకంటె చేతిలో హెచ్చుగా నిలుచును.

ఇంత తెలిసిన పిమ్మట పాకవిచారమునకు మఱలవచ్చును. మామిడికాయను ముదురు కాయగా కోసి గడ్డిలో మాగవేయుదురు. అరటిగెలను కోసి పొగపెట్టి పండింతురు. ద్రాక్షకు ఈ సౌకర్యము లేదు. తీగెనుండి తెంపిన క్షణమున ఎంత పులుపున్నదో అంత పులుపే యుండును. పిదప మెత్తబడునేగాని తీయబడదు. దాని పాకమంతయు తీగెపైననే జరుగవలెను. మొదట రుచిలేక పరిణామమున స్వాదువగునదని రాజశేఖరుడు మృద్వీకకు చెప్పిన లక్షణము ఈ స్వభావమునకు అక్షరాల తగియున్నది. అభ్యాసమను కాలము నడువక తొందరపడి కోసిన కవితకు మాగవేయుట యను ఉపాయము లేదు.

అట్లే విద్యానాథుని లక్షణమును నేలమీద నిలిపి చదువవచ్చును. లోపలను వెలుపలను రసము స్ఫురించుట ఫలస్థితి. ఆ స్థితికి ముందు ఏప్రిలు మోడున్నది, అక్టోబరు కత్తియున్నది, గిల్లివేసిన చిగురులున్నవి, వదలుకొన్న పుల్లపంటయున్నది. పందిరినిండ పరచుకొన్న ఆకును చూచి మురియువానికి గుత్తి దక్కదు. తెలుగున ద్రాక్షాపాకమని పేరుపడిన కవుల రచనలను విద్యార్థులకు చెప్పునపుడు, ఇవి సులభముగా పుట్టినవను మాట విడిచి, ఏమేమి కత్తిరింపబడినచో ఈ సౌలభ్యము కలిగినదో చూపుట ఉచితము. నారికేళమునకు పెంకు కనబడును గనుక కష్టము కనబడును. ద్రాక్షకు పడిన కష్టము కోతనాటికి కంటికి కనబడదు.

సారాంశమిది. ఊరిపేరులోని ద్రాక్షయు, శిల్పములోని మధుపాత్రయు, నిఘంటువులోని పర్యాయపదములును తెలుగుదేశమున ద్రాక్ష పండినదనుటకు చాలవు. పండినదనుటకు చాలిన సాక్ష్యము కోతనెలలను, కత్తిరింపును చెప్పిన తెవెనో మాటయందున్నది. పదము కాకతీయులనాటికే తెలుగు పండితుల నోట నిలిచినది. పాదునుగూర్చిన సాక్ష్యము గోలకొండవారి కాలమునాటిది. నడుమనున్న శతాబ్దములలో మన విమర్శకులు చూడని తీగెకు కాచిన పండును ఉపమానముగా వాడుకొనిరి. అది వారి దోషము కాదు. ఇప్పుడు తీగె కన్నులయెదుట నున్నది. రాజశేఖరుని మృద్వీకను, విద్యానాథుని ద్రాక్షను ఒక్కపాఠముగా చేర్చి చెప్పుటకు పాఠశాలలలో ఇక అడ్డమేమియు లేదు.